రాతి గుడి: సూరమ్మ లేని వారం

పోయిన వారం మనం తూముపాలెం రాతి గుడి పెద్ద తలుపు ముందు ఆగాం. ఇప్పటికీ అక్కడే ఉన్నాం. కొత్తగా వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు వెళ్దాం.

తూముపాలెం రామచంద్రపురానికి దగ్గర్లో కాలవ గట్టునున్న ఊరు. అక్కడి లూథరన్ సంఘానికి తెల్లదొరల కాలంనాటి చర్చి ఒకటి ఉంది. ఊళ్ళో ఎవరూ దాన్ని చర్చి అనరు, రాతి గుడి అంటారు. ధవళేశ్వరం కొండ రాయి పడవల మీద తెచ్చి కట్టారని చెప్పుకుంటారు. గోడలు పగుళ్ళిచ్చి, పెద్ద తలుపు మీది కమాను కిందికి జారాక, ఆ గుడి పడగొట్టి పిల్లర్ల మీద కొత్తది లేపాలని సంఘం తీర్మానించుకుంది. కార్యదర్శి శ్యాంబాబు గారు జేసీబీని కూడా మాట్లాడేశారు. అప్పుడు లేచి నిలబడింది వినీల. ఆ సంఘం పిల్లే, రాజమండ్రిలో ఓ ప్రైవేటు కంపెనీలో సివిల్ ఇంజనీరు. "రాతిపని వచ్చిన మేస్త్రిని నేను తీసుకొస్తాను. ముందు ఆ కమాను ఒక్కటి మళ్ళీ కట్టిస్తాను. అది నిలబడితే గుడి ఉంచండి. నిలబడకపోతే మీ ఇష్టం" అంది. ఎవరూ నోరు మెదపని చోట శ్యాంబాబు గారి తల్లి రూతు టీచరుగారు చెయ్యెత్తారు. కన్నతల్లి చెయ్యెత్తాక కార్యదర్శి మాత్రం ఏం చేస్తారు, గడువిచ్చారు.

మేస్త్రిని తెస్తాననడం ఎంతసేపు, తేవడంలోనే ఉంది తంటా. ఈ రోజుల్లో మేస్త్రి అంటే టైల్సు వేసేవాడని అర్థం. రాజమండ్రిలో అడిగితే ధవళేశ్వరంలో ఉంటారన్నారు. ధవళేశ్వరంలో అడిగితే, "ఇంకెక్కడి రాతిపనండి, ఎప్పుడో పోయింది" అన్నారు. విగ్రహాలు చెక్కేవాళ్ళు గోడలు మా పని కాదన్నారు, గోడలు కట్టేవాళ్ళు రాయి మా పని కాదన్నారు. చెప్పులరిగేదాకా తిరిగి, చివరికి సామర్లకోట అవతల రోడ్డుపక్కన రుబ్బురోళ్ళూ సమాధి రాళ్ళూ చెక్కుకుంటున్న వీరాస్వామిని పట్టుకుంది. లాకులూ తూములూ కట్టిన ఇంట పుట్టిన మనిషి. ఆయనా, భార్య సూరమ్మా వచ్చి గుడి వెనక రేకుల షెడ్డులో దిగారు. పని జరిగింది. కమాను పూర్తయింది. ఇంకా చెక్క చట్రం మీదే ఆని ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక సంఘమంతా చూస్తుండగా చట్రం లాగేయాలి. అప్పుడు కమాను తన కాళ్ళ మీద తను నిలబడాలి, లేదా కూలిపోవాలి.

ఇప్పుడు శనివారం పొద్దున్న.

వినీల బస్సు దిగి వచ్చేసరికి వీరాస్వామి కమానుకి ఎదురుగా గొంతుక్కూర్చుని ఉలి నూరుకుంటున్నాడు. ఆయన వెనక ట్రాక్టరు ఒకటి ఇసక దింపడానికి వెనక్కి వస్తోంది. డ్రైవరు హారన్ కొట్టాడు. మేస్త్రి కదల్లేదు. డ్రైవరు మళ్ళీ కొట్టాడు, తల బయటపెట్టి "మేస్త్రి గారూ, జరగండి" అని కేకేశాడు. మేస్త్రి ఉలి అంచు వేలితో చూసుకుని మళ్ళీ నూరడం మొదలెట్టాడు. కుళాయి దగ్గర బిందెతో నీళ్ళు పట్టుకుంటున్న సూరమ్మ బిందె వదిలేసి పరుగెత్తుకొచ్చింది. మొగుణ్ణి రెక్క పట్టుకుని పక్కకి లాగి, డ్రైవరు వైపు తిరిగి, "కళ్ళు నెత్తికెక్కాయా నీకు, మనిషి కనపట్టం లేదా" అని దులిపేసింది. పాపం డ్రైవరు తప్పేం లేదు, అయినా క్షమించమన్నాడు.

చూసినవాళ్ళు మేస్త్రి పనిలో పడితే లోకం తెలీదన్నారు. వీరాస్వామి గురించి తూముపాలెంలో మొదట్నుంచీ ఇదే మాట. మాట్లాడనివాడికి మనవాళ్ళు గౌరవం కాస్త ఎక్కువే ఇస్తారు. ఫోన్ చేస్తే సూరమ్మే ఎత్తుతుంది. అడిగిన దానికి సూరమ్మే జవాబు చెబుతుంది. పెద్ద మేస్త్రి కదా, మాట తక్కువ, పని ఎక్కువ అని వినీల కూడా అనుకుంది. ఆ మాట పదిమందికి చెప్పింది కూడా.

కానీ ఇవాళ అంత హారన్‌కీ మనిషి ఉలిక్కిపడకపోవడం ఆమెకి వింతగా తోచింది. ఇంజనీరు బుద్ధి ఊరుకోదు, అనుమానం వస్తే కొలిచి చూడాలి. ఆమె నడుచుకుంటూ వెళ్ళి వీరాస్వామి వీపు వెనక, చెయ్యి చాపితే అందేంత దూరంలో నిలబడింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు.

"మేస్త్రి గారూ, సోమవారం నుంచి మీరు పనిలోకి రావద్దండి" అంది.

వీరాస్వామి ఉలి నూరుకుంటూనే ఉన్నాడు. బిందె ఎత్తుకోబోతున్న సూరమ్మ మాత్రం ఆగిపోయింది.

ఇద్దరు ఆడవాళ్ళూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. సూరమ్మ బిందె కింద పెట్టి, పైటకొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగింది వినీల.

"క్రషర్‌లో పని మానేసేటప్పటికే సగం పోయిందండి. చెవిలో ఈగ మోగినట్టు మొదలైంది. డాక్టరు గారు మిషనెట్టుకోమన్నారు. మిషనెట్టుకున్న మేస్త్రికి రాతిపని ఎవరిత్తారండి? ఎట్టుకోనన్నాడు." సూరమ్మ గొంతు తగ్గించింది, ఎవరు వింటారనో. "ఇప్పుడు బొత్తిగా లేదండి. మొహం చూసి మాట పట్టేత్తాడు."

వినీలకి ఒళ్ళు మండింది. దానికన్నా ముందు భయం వేసింది. ఆ భయం ఎందుకో తెలియాలంటే వీరాస్వామి రాయి ఎంచే పద్ధతి తెలియాలి.

ధవళేశ్వరం కొండలో ఇప్పుడు రాయి తీయరు. అందుకని కాలవ గట్టున కూల్చేసిన ఓ పాత గోదాము రాళ్ళు కొన్నారు. అదే కొండ, అదే రాయి. అయితే జేసీబీ ఎత్తి పడేసిన రాళ్ళకి లోపల పగులుంటుంది, పైకి కనపడదు. సంతలో కుండ కొనేవాళ్ళు వేలితో కొట్టి చూసినట్టు, వాటిని ఒక్కొక్కటీ సుత్తితో కొట్టి వినాలి. మంచి రాయి ఖంగుమంటుంది. పగులున్న రాయి మొద్దుగా పలుకుతుంది. గోడలో అయితే ఒకటీ అరా చెల్లిపోతుందేమో. కమానులో చెల్లదు, ప్రతి రాయీ పక్క రాయి బరువు మోయాలి.

వీరాస్వామి రాయి కొట్టి, తల కొంచెం వంచి, ఒక్క క్షణం ఆగి, మంచిదైతే కావి గీత గీసేవాడు, కానిదైతే కాలితో పక్కకి నెట్టేవాడు. చూడముచ్చటగా ఉండేది. వినీల ఫోన్లో వీడియో కూడా తీసుకుంది. ఆ వీడియోలో ఎప్పుడూ ఎదురుగా ఓ ముసలామె కూర్చుని సున్నం జల్లిస్తూ ఉండేది. సున్నం జల్లించే ఆడమనిషిని ఎవరు చూస్తారు? చూసి ఉంటే, మేస్త్రి రాయి కొట్టిన ప్రతిసారీ జల్లెడ వైపు చూస్తున్నాడని తెలిసేది. జల్లెడ ఆడుతూ ఉంటే రాయి మంచిది. జల్లెడ ఆగిందా, రాయి పనికిరాదు.

"రాళ్ళు వినేది మీరు" అంది వినీల.

"ఆయ్" అంది సూరమ్మ.

"మరి మీ అమ్మాయికి పురుడొచ్చిందని మీరు సామర్లకోట వెళ్ళారు కదా. ఆ వారం?"

సూరమ్మ కమాను వైపు చూసింది. నిన్న సాయంత్రమే తిరిగొచ్చింది. వచ్చేటప్పటికి కమాను పూర్తయి, ఊరంతా మొగుణ్ణి మెచ్చుకుంటోంది.

వినీలకి ఆ వారం బాగా గుర్తుంది. రోజూ కొన్ని రాళ్ళు పక్కకి నెట్టే మేస్త్రి ఆ వారంలో ఒక్క రాయి కూడా కాదనలేదు. "ఈసారి లోడు మంచిదొచ్చింది" అని సంతోషపడి శ్యాంబాబు గారికి కూడా చెప్పింది. ఆ మంచి లోడుతోనే కమాను పై సగమంతా కట్టారు.

ఇంతలో వీరాస్వామి ఇటు తిరిగాడు. పెళ్ళాం మొహం చూసి ఆయనకి సంగతి బోధపడిపోయింది. ఉలి పక్కన పెట్టి లేచాడు. పొడుగాటి మనిషి, లేచేసరికి ఇంకా పొడుగ్గా కనిపించాడు.

"నా చెవుల్తో మీకేం పనండి?" అన్నాడు వినీలతో. "చేతులు చూడండి. కమాను వంకర పోయిందా? ఎక్కడన్నా సందు ఎక్కువ తక్కువొచ్చిందా?"

"లేదండి. పని చాలా బాగుంది. రాయి మంచిదో కాదో మీకెలా తెలిసింది? అది చెప్పండి."

"చేతికి తెలుత్తదండి. సుత్తి ఎలా తిరిగొత్తాదో దాన్ని బట్టి తెలుత్తది."

"చేతికే తెలిసేదైతే ఇన్నాళ్ళూ నన్నెందుకయ్యా ఎండలో కూకోబెట్టావు?" అంది సూరమ్మ. కోపంగా కూడా అనలేదు, లెక్క అడిగినట్టు అడిగింది. "నేనొచ్చేదాకా పని ఆపమన్నానా లేదా?"

"ఆపితే ఎందుకాపావంటారు."

"ఒంట్లో బాలేదని పడుకోవాల్సింది."

"ఎప్పుడు పడుకున్నాను నేను?" అన్నాడు వీరాస్వామి. అది మాత్రం నిజమే కాబట్టి సూరమ్మ ఊరుకుంది.

వినీల కమాను వైపు చూసింది. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో పిల్లలకి పెట్టే వీబీఎస్ బైబిలు క్లాసులకి వచ్చి ఆ గోడకి వీపు ఆనించి కూర్చునేది. బయట ఎండ మండిపోతుంటే లోపల ఆ రాయి చల్లగా తగిలేది. ఊళ్ళో అంత చల్లటి చోటు ఇంకోటి లేదు. ఆ గోడలు పోకూడదని ఆమెకి గట్టిగా ఉంది. అందుకే ఉద్యోగంలో సెలవులన్నీ ఇక్కడే తగలేసింది. ఇప్పుడీ సంగతి బయటికి చెబితే జేసీబీ రావడానికి ఒక్క ఫోన్ చాలు. చెప్పకపోతే ఆ కమాను కింద నుంచి రేపు సంఘమంతా నడుస్తుంది, పిల్లలతో సహా.

"పదండి" అంది. "ఇద్దరూ పైకెక్కండి. ఆ వారం పెట్టిన రాళ్ళన్నీ మళ్ళీ కొట్టి చూద్దాం."

గోడలో బిగిసిన రాయి విడిరాయిలా మోగదు. అయినా మంచిదీ చెడ్డదీ తేడా తెలుస్తుందంది సూరమ్మ. చీర కుచ్చెళ్ళు దోపుకుని, ముందెన్నడూ ఎక్కని పరంజా మీదికి మెల్లగా ఎక్కింది. వీరాస్వామి ఆమె వెనకే ఎక్కాడు. కింద నుంచి చూస్తే మేస్త్రి ఏదో ఆఖరి మెరుగులు దిద్దుతున్నట్టే ఉంది.

వీరాస్వామి ఎడమవైపు నుంచి మొదలుపెట్టాడు. కొట్టాడు. సూరమ్మ కళ్ళు మూసుకుని విని తలూపింది. తరవాతి రాయి. తలూపింది. ఆ తరవాతిది. వినీల నిచ్చెన పట్టుకుని కింద నిలబడి దెబ్బలు లెక్కపెట్టింది. ఎడమవైపంతా అయిపోయింది, నడినెత్తి రాయి కూడా బాగానే పలికింది. వీరాస్వామి మొహంలో కాస్త వెలుగొచ్చింది. చూశావా అన్నట్టు పెళ్ళాం వైపు చూశాడు.

నడినెత్తి రాయికి కుడిపక్కన రెండోది కొట్టాడు. సూరమ్మ తలూపలేదు.

"మళ్ళీ కొట్టు" అని చేత్తో చూపించింది. కొట్టాడు. ఆమె చెవి రాయికి దగ్గరగా పెట్టింది. "ఇంకోసారి." కొట్టాడు. ఈసారి వినీలకి కూడా వినిపించింది. పక్క రాళ్ళలా లేదు, తడిసిన తలుపు మీద తట్టినట్టుంది.

సూరమ్మ కళ్ళు తెరిచి మొగుడి మొహంలోకి చూసింది. తల అడ్డంగా ఊపింది.

అదే సమయానికి గేటులోంచి శ్యాంబాబు గారు వచ్చారు. బండి లేకుండా నడిచి వచ్చారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా గుండీలు సరిగ్గా పెట్టుకోలేదు. ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగని మనిషి.

"అమ్మ పోయిందమ్మా వినీలా" అన్నారు. "తెల్లవారుజామున. నిద్దట్లోనే."

వినీల నిచ్చెన వదిలేసింది. రూతు టీచరుగారు ఆమెకి అక్షరాలు దిద్దించిన మనిషి. సంఘంలో ఒంటరిగా నిలబడినప్పుడు మొదట లేచిన చెయ్యి ఆవిడదే. శ్యాంబాబు గారి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఆయన ఆమె తల మీద చెయ్యి వేశారు.

"నీతో ఒక పనుంది" అన్నారు తరవాత. "నీకు తెలుసుగా మన సంఘం పద్ధతి. బాప్తిస్మానికి ఏ తలుపులోంచి తెచ్చారో ఆఖరుసారి కూడా అందులోంచే తీసుకెళ్తాం. కమాను జారిపోయాక పోయినవాళ్ళందర్నీ పక్క తలుపులోంచే తెచ్చాం. అమ్మకి అది నచ్చేది కాదు. నన్ను మాత్రం పెద్ద తలుపులోంచే తీసుకెళ్ళరా, కమాను లేచేదాకా నేను పోనులే అంది. అన్నట్టే మొన్న వీల్‌చైర్లో వచ్చి చూసుకుని వెళ్ళింది." ఆయన కమాను వైపు తిరిగారు. "ఈ కమాను వద్దన్నది నేనే. ఇప్పుడు అడుగుతున్నదీ నేనే. ఆదివారం దాకా ఎందుకు, ఆ చట్రం ఇవాళ మధ్యాహ్నమే తీసేయించమ్మా."

వినీల పైకి చూసింది. పరంజా మీద నుంచి వీరాస్వామి శ్యాంబాబు గారి మొహం చూసి అంతా పట్టేశాడు.

"అలాగేనండి. మధ్యాహ్నానికి తీసేద్దాం" అన్నాడు.

ఎంత తేలిగ్గా అన్నాడో. అది చాలు. ఇంక వినీల ఏమీ అనక్కర్లేదు. ఒక్క రాయేగా, ఆ కమాను ఏళ్ళ తరబడి నిలబడొచ్చు. టీచరుగారి కోరిక తీరుతుంది, గుడి నిలబడుతుంది, శ్యాంబాబు గారు జీవితంలో మళ్ళీ జేసీబీ పేరెత్తరు. ఇవన్నీ ఆమెకి ఒక్కసారిగా తోచాయి. తోచినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తీయకూడదు అంకుల్" అంది.

"ఏం?"

వినీల నోరు తెరిచేలోపే సూరమ్మ పరంజా దిగి వచ్చింది. శ్యాంబాబు గారికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టింది.

"రాయి మంచిదో కాదో చెప్పేది ఆయన కాదండి, నేను. ఆయనకి చెవుల్లేవు. నేను పురిటికెళ్ళిన వారం ఎవరూ వినకుండా కట్టేశాడు. ఇందాక విన్నాను. కుడిపక్క ఒకటి పలకట్లేదండి."

శ్యాంబాబు గారు ఆమెని చూశారు, పైనున్న మేస్త్రిని చూశారు, చివరికి వినీలని చూశారు.

"నీకు తెలుసా ఇది?"

"ఇవాళ పొద్దున్నే తెలిసిందండి."

ఆయన మెట్టు మీద కూర్చున్నారు. తరవాత సూరమ్మని అడిగారు. "అమ్మా, నువ్వు చెప్పు. మా అమ్మని దాని కింద నుంచి తీసుకెళ్ళొచ్చా?"

"నా కూతురు మొన్నే బిడ్డని కందండి. ఆ బిడ్డనెత్తుకుని దీని కింద నుంచి రమ్మంటే నేను రానివ్వను."

శ్యాంబాబు గారు తలాడించారు. కోపం వచ్చినా కేకలేసే మనిషి కాదు, ఒక్కో మాటా తూచి వదులుతారు. "ఆ రాయి ఊడదీయండి. నేనిక్కడే కూర్చుంటాను. అది పగిలి ఉంటే మీ మేస్త్రి మమ్మల్ని మోసం చేసినట్టు. పగలకుండా ఉంటే ఈవిడ చెవి పనికిరానట్టు. ఏదైనా సరే వినీలా, రేపు సంఘానికి నేనేం చెప్పాలో నువ్వే చెప్పు."

ఆయన లెక్క సరిగ్గానే ఉంది.

వీరాస్వామి ఎవరూ చెప్పకుండానే ఉలి అందుకున్నాడు. చట్రం ఇంకా ఉంది కాబట్టి మిగతా రాళ్ళు కదలవు. సున్నం పచ్చిగానే ఉంది, ఉలి వెన్నలోకి దిగినట్టు దిగింది. నాలుగు పక్కలా తొలిచి, రాయికి మోకు కట్టి, గిలక మీద మెల్లగా కిందికి దింపాడు. అంత కష్టంలోనూ ఆ చేతుల ఒడుపు తప్పలేదని వినీల చూసింది. ఇలాంటి చేతులు వెతకడానికే కదా తను ఊళ్ళన్నీ తిరిగింది.

రాయిని గడ్డి మీద పెట్టారు. ముందు వైపు నున్నగా ఉంది, ఏ గీతా లేదు. శ్యాంబాబు గారు సూరమ్మ వైపు చూశారు. సూరమ్మ చూపు రాయి మీది నుంచి కదల్లేదు.

"నీళ్ళు తే" అన్నాడు వీరాస్వామి.

సూరమ్మ చెంబుతో తెచ్చింది. వీరాస్వామి రాయిని వెనక్కి తిప్పి, గోడ లోపలికి ఉండే వైపు నీళ్ళు పోశాడు. రాయంతా నల్లబడింది. ఎండకి మెల్లగా ఆరడం మొదలెట్టింది. పగులుంటే అక్కడ నీళ్ళు లోపలికి దిగి, రాయంతా ఆరినా ఆ గీత ఒక్కటీ తడిగా మిగిలిపోతుంది. నలుగురూ రాయి చుట్టూ నిలబడి ఆరేదాకా చూశారు.

ఆరింది. ఒక మూల నుంచి ఎదుటి మూల దాకా నల్లటి గీత ఒకటి మిగిలింది.

వీరాస్వామి కళ్ళకి ఏ లోపమూ లేదు. అందరికన్నా ముందు ఆయనే చూశాడు. "పగిలిందండి" అన్నాడు. "నేను ఒప్పుకున్న రాయే."

"మరి ఈ పని ఆ రోజే చేసి ఉంటే సరిపోయేదిగా" అంది వినీల. ఉక్రోషం ఆపుకోలేకపోయింది. "సూరమ్మగారు లేనప్పుడు నీళ్ళు పోసి చూడొచ్చుగా. చెవులక్కర్లేదు కదండీ దీనికి."

వీరాస్వామి ఆమె పెదాలు చివరిదాకా చదివాడు.

"నీళ్ళు పోసి చూసేది పని నేర్చుకునేవోళ్ళండి" అన్నాడు. "పెద్ద మేస్త్రి నీళ్ళు పోత్తే, పక్కనున్న కూలీలు నవ్వుతారు. మా నాన్న జన్మలో పొయ్యలేదు. చుట్టూ అంతమంది చూత్తా ఉంటే, నేనెలా పోత్తానండి?"

ఇంత పెద్ద గుడి ఒక చెంబుడు నీళ్ళ దగ్గర ఆగిపోయింది. వినీలకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. సూరమ్మ మాత్రం మొగుడి భుజం మీద చెయ్యి వేసింది. ఆయన ఆ చెయ్యి తీసేయలేదు.

శ్యాంబాబు గారి ఫోన్ మోగింది. అటువైపు మాట విని, పెద్ద తలుపు వైపు ఒకసారి చూశారు. ఖాళీ అయిన చోటు లోంచి గుడి లోపలి చీకటి కనిపిస్తోంది.

"పాస్టరు అయ్యగారొచ్చారా? సరే, ఎండెక్కుతోంది, ఇంక ఆపొద్దు. బయల్దేరదీయండి" అన్నారు ఫోన్లో. అటువైపు ఏదో అడిగారు. "పక్క తలుపులోంచే."

ఫోన్ జేబులో పెట్టుకుని, మెట్ల దగ్గర కాచుకుని ఉన్న గంట కొట్టే దొరబాబుకి వెళ్ళమని సైగ చేసి, కళ్ళు తుడుచుకున్నారు. "నీ గుడి సంగతి రేపు మాట్లాడదాం" అన్నారు వినీలతో. ఆ 'రేపు'లో జేసీబీ ఉందని ఆమెకి అర్థమయింది. అమ్మకి ఇచ్చిన మాట తప్పాల్సి వచ్చిన కొడుకు మాట అది.

ఆయన గేటు దాకా వెళ్ళారు. అప్పుడు సూరమ్మ మొగుణ్ణి తన వైపు తిప్పుకుని, పెదాలు స్పష్టంగా కనపడేలా అడిగింది.

"నేను లేని వారంలో ఈ కమాను ఒక్కటే కట్టావా? ఇంకేదన్నా కట్టావా?"

వీరాస్వామి తలెత్తాడు. కమాను వైపు కాదు, దాని పక్కన లేచిన గంట గోపురం వైపు చూశాడు.

"పైన గంట వేలాడే దూలం ఆనిన రాళ్ళు అరిగిపోయాయి" అన్నాడు. "రెండూ తీసేసి కొత్తవెట్టాను. అదే లోడు."

వినీల కూడా గోపురం వైపు తిరిగింది. శవపేటిక ఇంటి దగ్గర కదిలిందని కబురందగానే గుడిలో గంట అందుకుంటారు, పేటిక వచ్చేదాకా ఆపరు. దొరబాబు ఇందాకే తాడు దగ్గరికి వెళ్ళడం ఆమె చూసింది. ఆ తాడు సరిగ్గా గంట కిందే వేలాడుతుంది.

"దొరబాబూ" అని అరుస్తూ గోపురం తలుపు వైపు పరుగెత్తింది.

ఆమె మెట్టు ఎక్కకముందే పైన గంట మొదలైంది. శ్యాంబాబు గారు గేటు దగ్గర ఆగి తల వంచుకున్నారు. సూరమ్మ గంట వింటూ కళ్ళు మూసుకుంది. రెండో దెబ్బ పడింది. ఆ మోత వెనకే, ఇంకెవరికీ తెలియనంత సన్నగా, రాయి విరిగిన చప్పుడు ఆమెకి వినిపించింది.